పాట పంచాలంటే ఏది మేలు: ఫైలా, టోరెంటా, లింకా?

ఫైలు పంపినా, టోరెంట్‌లో పెట్టినా, వీడియో సైట్‌లో ఎక్కించినా, లింకు ఇచ్చినా వినేవాళ్ళకు పాట ఒకటే. చట్టం మాత్రం నాలుగింటినీ వేరువేరుగా చూస్తుంది. కొత్త కాపీ ఎవరు చేశారు, ఎంతమందికి అందేలా పెట్టారు అన్నదే దాని లెక్క.

అన్నిటిలోకీ చెడ్డ దారి టోరెంట్, అంటే ఒకే ఫైలును ఒక గుంపు జనం ముక్కలుముక్కలుగా ఒకరి నుంచి ఒకరు దించుకునే పద్ధతి. పాట దిగుతున్నంతసేపూ, అప్పటికే దిగిన ముక్కల్ని మీ కంప్యూటర్ ఇతరులకు పంపుతూనే ఉంటుంది. కాబట్టి ‘నేను దించుకున్నానంతే, పంచలేదు’ అంటే చెల్లదు. పైగా ఆ గుంపులో చేరినవారి ఐపీ అడ్రసులు, అంటే ఇంటర్నెట్‌లో వాళ్ళ కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు, మిగతావాళ్ళకు కనబడతాయి. పాట మీద కాపీరైట్ ఉన్న హక్కుదారుల మనుషులూ అదే గుంపులో చేరి వాటిని రాసుకోవచ్చు. డబ్బు తీసుకోలేదు కదా అనేవాళ్ళు ఒక కేసు తెలుసుకోవాలి. టోరెంట్‌కు ముందుతరం ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 పాటలు పంచినందుకు ఒక అమెరికన్ మహిళ 2,22,000 డాలర్లు కట్టాలని 2012లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. ఆవిడ ఆ పాటల్ని అమ్ముకోలేదు. 1999లో వచ్చిన నాప్‌స్టర్ అయితే తన సర్వర్లలో పాటలే దాచలేదు, ఎవరి దగ్గర ఏ పాట ఉందో చూపించిందంతే. అయినా కోర్టు దెబ్బకు 2001లో ఆ సేవ ఆగిపోయింది.

స్నేహితుడికి చాట్‌లో ఒక ఎంపీ3 పంపడం ఇంత ప్రమాదం కాదు, కానీ అదీ కాపీయే. ఇక్కడ దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. జర్మనీలో సొంత వాడకానికి కాపీ చేసుకోనిస్తారు, బదులుగా కాపీకి పనికొచ్చే పరికరాల మీద రుసుము వేసి హక్కుదారులకు ఇస్తారు. బ్రిటన్ 2014లో ఇలాంటి మినహాయింపే తెస్తే, మరుసటి ఏడాదే హైకోర్టు కొట్టేసింది. ఎక్కడైనా సరే, వందలమంది ఉన్న గ్రూపులో ఫైలు వేసి ‘మావాళ్ళకే పంపాను’ అంటే నమ్మేవారుండరు.

వీడియో సైట్‌లో ఎక్కించడం కాస్త విచిత్రమైన వ్యవహారం. ఎక్కించిన వీడియోల్లో ఎవరి పాట ఉందో పోల్చి చూసే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు యూట్యూబ్‌లో 2007 నుంచీ ఉంది. అది పాటను గుర్తుపడితే, ఆ వీడియోను ఆపాలా, దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు తీసుకోవాలా, ఊరికే గమనిస్తూ ఉండాలా అన్నది హక్కుదారు ఇష్టం. అంటే మీ వీడియో ఉందంటే వాళ్ళు ఉండనిచ్చారని, అంతే. కింద ‘కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అని రాసుకుంటే ఒరిగేదేమీ లేదు. ముప్పై సెకన్ల లోపైతే ఫర్వాలేదన్నదీ వట్టి పుకారే.

ఇతరుల పాట పంచడానికి నా ఓటు లింకుకే. అందులో మీరు కాపీ చేసేది ఏమీ లేదు. హక్కుదారు అనుమతితో అందరికీ అందుబాటులో ఉన్నదానికి లింకు ఇవ్వడం ఉల్లంఘన కాదని 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. అలాగని ఏ లింకైనా చెల్లుతుందనుకోవద్దు. దొంగ కాపీ అని తెలిసీ లింకు ఇస్తే బాధ్యత తప్పదని 2016లో అదే కోర్టు అంది. కళాకారుడి సొంత చానెల్‌దో, లైసెన్సున్న స్ట్రీమింగ్ సేవదో ఇస్తే ఆ బెడద ఉండదు.

ఫైలే ఇవ్వాలనుకుంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదలైన పాటలు వెతుక్కోండి. వాటిని పంచుకోవచ్చు, కానీ కర్త పేరు చెప్పాలి. కొన్నిటిని వ్యాపారానికి వాడకూడదు, కొన్నిటిని మార్చకూడదు. ఇక పాత సంగీతమంతా ఉచితమే అనుకునేవాళ్ళు ఒకటి మరిచిపోతారు. బాణీకి ఒక హక్కు, దాన్ని పాడి రికార్డు చేసినందుకు మరో హక్కు. 1827లో పోయిన బీథోవెన్ బాణీలు ఎవరైనా వాడుకోవచ్చు, వాటిని నిరుడు ఒక ఆర్కెస్ట్రా వాయించిన రికార్డింగును మాత్రం ఆ హక్కుదారుల్ని అడగకుండా పంచకూడదు. అమెరికాలో 1923కు ముందు విడుదలైన రికార్డింగులకే 2022 జనవరి 1న గానీ ఆ హక్కు నుంచి విముక్తి దొరకలేదు.