అక్లూజ్‌లో 550 రూపాయల పులిసిన షిరాజ్, మర్నాడు అసలుది

రెండు గ్లాసుల వైన్ వల్ల ఇది రాస్తున్నాను. గ్లాసు 550 రూపాయలు. రెండూ పులిసిపోయాయి. వెనక్కి పంపితే మేనేజరు వచ్చి, "మీకు రెడ్ వైన్ అలవాటు లేదు మేడమ్, అది ఇట్లనే ఉంటది" అని మా నాన్న ముందు అన్నాడు. డబ్బు పోయినందుకంటే ఆ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

మాది షోలాపూర్. పూర్వ భాగ్‌లో పుట్టి పెరిగాను. మగ్గం పని కోసం తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పద్మశాలీ కుటుంబం మాది. నాన్న నలభై ఏళ్లు చద్దర్ల నూలుకు రంగులు వేసే ఖార్ఖానాలో రంగుల మాస్టరు. పెళ్లయ్యాక నేను హైదరాబాద్ వెళ్లిపోయాను. మా ఆయనకూ నాకూ వైన్ మీద ఇష్టం ఉంది. అందులోనూ షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో చేసే రెడ్ వైన్ అంటే ఇంకా ఇష్టం. నాసిక్ రెండుసార్లు వెళ్లొచ్చాం కానీ, మా జిల్లాలోనే అక్లూజ్ చుట్టుపక్కల షిరాజ్ తోటలు ఉన్నా ఇన్నేళ్లూ చూడలేదు. ఈసారి ఫిబ్రవరి రెండో వారంలో పుట్టింటికి వచ్చినప్పుడు వెళ్లి తీరాలనుకున్నాం. వైన్ ద్రాక్ష కోతకు వచ్చేది అప్పుడే.

మేమిద్దరం, అన్న, వదిన, నాన్న, మొత్తం ఐదుగురం. ఎర్టిగా మాట్లాడుకున్నాం. రెండు రోజులకు డీజిల్‌తో కలిపి 7,200, డ్రైవరు భత్తా 600. వదినకు మొదటి నుంచీ ఈ ప్రయాణం నచ్చలేదు. "మామయ్యను వెంటబెట్టుకుని వైన్ తోటలకా?" అని రెండు రోజులు ముభావంగా ఉంది. దారిలో పండరిపురం ఆగుదామన్నాక ఒప్పుకుంది. విఠోబా దర్శనం గంటన్నరలో అయిపోయింది, ఏ ఇబ్బందీ లేదు.

ఇక ఆ బస సంగతి. అక్లూజ్ రోడ్డు మీద ఉంది, పేరు రాయను. ఆన్‌లైన్‌లో 'ద్రాక్ష తోట కనిపించే గది' అని ఫోటోలు పెట్టారు. గది 5,400, రెండు గదులు, సగం డబ్బు ముందే కట్టించుకున్నారు. వెళ్లి కిటికీ తెరిస్తే చెరకు చేను, దాని ముందు జనరేటరు. తోట ఏదని అడిగితే వెనకవైపు ఒక పందిరి చూపించారు. అది తినే ద్రాక్ష పందిరి, అప్పటికే కోసేశారు. వైన్ ద్రాక్షను ఎక్కువగా పందిరి మీదకు పాకించరు, తీగలు కట్టి వరుసల్లో నిలువుగా పెంచుతారు. గది మార్చమంటే ఇంకో 900 ఇస్తే పైఅంతస్తు ఇస్తామన్నారు. అక్కడి నుంచీ కనిపించేది ఆ చెరకే. బాత్రూంలో వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడున్నర వరకే. నాన్న మోకాళ్ల నొప్పికి రాత్రి వేడినీళ్లు కావాలంటే బకెట్‌కు 50 రూపాయలు తీసుకున్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి దగ్గర బకెట్ నీళ్లకు డబ్బు వసూలు చేసే చోటును నేను ఎవరికీ చెప్పలేను.

రాత్రి భోజనం దగ్గర మెనూలో 'స్థానిక షిరాజ్, గ్లాసు 550' అని ఉంటే రెండు చెప్పాం. వచ్చిన వైన్ వెచ్చగా ఉంది. కొత్త షిరాజ్ చిక్కటి ఊదా ఎరుపులో ఉండాలి, ఇది ఇటుక రంగుకు తిరిగింది. ముక్కు దగ్గర పెడితే వెనిగర్ వాసన, దాని వెనక గోళ్ల రంగు వాసన. మా ఆయన ఒక గుక్క తాగి పక్కన పెట్టేశాడు. నేను లేచి కౌంటర్ దాకా వెళ్లి చూశాను. సీసాలో మూడో వంతు మిగిలి ఉంది, బిరడా సగమే దిగి ఉంది, ఫ్రిజ్‌లో కాదు, లైటు కింద అల్మారాలో. ఎప్పుడు తీశారని అడిగితే పనిచేసే కుర్రాడు దాచకుండా, "థర్టీ ఫస్ట్ పార్టీకి మేడమ్" అన్నాడు. అంటే ఆరు వారాలు! తెరిచిన రెడ్ వైన్ బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. గాలి తగులుతూ ఉంటే అందులోని ఆల్కహాల్‌ను బాక్టీరియా వెనిగర్‌గా మార్చేస్తుంది. అలవాటు ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మజ్జిగ పులిస్తే మనకు తెలియదా?

మేనేజరు ఆ మాట అన్నది అప్పుడే. బిల్లులో 1,100తో పాటు పది శాతం సర్వీసు చార్జీ కూడా వేశాడు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు తమంతట తాము సర్వీసు చార్జీ బిల్లులో కలపకూడదు. అదే చెప్పాను. "మా దగ్గర ఇదే పద్ధతి" అన్నాడు. అన్న గొడవ వద్దని డబ్బులిచ్చేశాడు. నేను బిల్లు, సీసా, గ్లాసు ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. వదిన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

మర్నాడు ఉదయం టిఫిన్ కూడా తినకుండా గదులు ఖాళీ చేసి, అన్నకు టవళ్ల వ్యాపారంలో పరిచయమైన ఒకాయన చుట్టాల తోటకు వెళ్లాం. మరాఠా రైతు. ఆరు ఎకరాలు తినే ద్రాక్ష, మూడు ఎకరాలు షిరాజ్. పొద్దున్నే ఐదింటికి కోత మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేస్తారట, ఎండకు పండు వేడెక్కితే క్రేట్లలోనే పులవడం మొదలవుతుందని. మేం వెళ్లేసరికి చివరి వరుసలు కోస్తున్నారు.

షిరాజ్ గుత్తి చూస్తే మొదట నిరాశగానే ఉంటుంది. పండు చిన్నది, తొక్క మందం, లోపల విత్తనాలు. నల్లగా, మీద బూడిద పట్టినట్టు ఉంటుంది. వదిన ఒకటి నోట్లో వేసుకుని, "బెల్లం లెక్క ఉంది, కానీ నాలుక పట్టేసింది" అంది. రెండూ నిజమే. తినే ద్రాక్షలో చక్కెర 18 బ్రిక్స్ (రసంలో తీపిని కొలిచే లెక్క) దగ్గర ఉంటే కోసేస్తారు, దీన్ని 24 దాకా చెట్టు మీదే ఉంచుతారు. ఆ రైతు జేబులోంచి ఆ తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటర్ తీసి, అద్దం మీద ఒక చుక్క పిండి నాన్నకు చూపించాడు. 23.6 వచ్చింది.

ఏడాదిలో రెండు ఛాటణీలు. మన తెలుగులో కత్తిరింపు అంటాం కానీ అక్కడ మా షోలాపూర్ తెలుగువాళ్లందరూ ఛాటణీ అనే అంటారు. ఏప్రిల్‌లో ఖరడ్ ఛాటణీ, కొమ్మ కోసం. సెప్టెంబరు, అక్టోబరుల్లో గోడీ ఛాటణీ, కాయ కోసం. యూరప్‌లో చలికాలమంతా తీగ నిద్రపోతుంది, ఇక్కడ నిద్రపోదు కాబట్టి మనిషే రెండుసార్లు కత్తిరించి దారిలో పెట్టాలి. అక్కడ వేసవి చివర్లో, శరత్తులో కోసే పంట ఇక్కడ జనవరి, మార్చిల మధ్య చేతికొస్తుంది. పగలు ఎండ చక్కెర తెస్తే, ఆ నెలల్లో రాత్రి చలి పులుపును కాపాడుతుంది.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ముడతల సంగతి. షిరాజ్‌కు ఒక గుణం ఉంది. కోతకు దగ్గరపడేకొద్దీ పండు నీళ్లు కోల్పోయి ముడుచుకుపోతుంది. రుచి చిక్కబడుతుంది, బరువు తగ్గుతుంది. వైనరీకి కావలసింది రుచి, రైతుకు డబ్బు వచ్చేది బరువు మీద. "ఇంకో నాలుగు రోజులు ఉంచమంటారు. ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర ఉండదు" అన్నాడు. ఎకరానికి నాలుగైదు టన్నులకు మించి రానివ్వడట, ఎక్కువైన గుత్తులు పచ్చిగా ఉన్నప్పుడే తెంపి పడేస్తాడు. పక్కన తినే ద్రాక్షలో దానికి రెట్టింపు పైనే పండిస్తాడు. వైన్ ధర ఎక్కువని అనుకునేవాళ్లు ఒకసారి ఆ తెంపి పడేసిన గుత్తులు చూడాలి.

వాళ్లింట్లోనే తిన్నాం. జొన్న రొట్టెలు, పిఠ్లే (శనగపిండి కూర), వెల్లుల్లి దట్టించిన షేంగా (పల్లీ) చట్నీ, మీద పెరుగు. జొన్నలు మంగళ్‌వేఢా మాల్‌దండీ రకానివి. రొట్టె చేత్తో విరిస్తే పొరలు పొరలుగా వచ్చింది. ఆ ఇంటామె పైసా తీసుకోలేదు. నాన్న వద్దంటున్నా వినకుండా కారులోంచి మా ఖార్ఖానా చద్దరు ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వదిన ముఖం అక్కడే విప్పారింది.

అక్కడి నుంచి వైనరీకి. అక్లూజ్ ప్రాంతంలో పేరున్నది ఫ్రాటెల్లీ. ఇటాలియన్‌లో ఆ మాటకు అన్నదమ్ములని అర్థం. ఢిల్లీ సేఖ్రీలు, అక్లూజ్ మోహితే పాటిళ్లు, ఇటలీ సెచ్చీలు, మూడు జతల అన్నదమ్ములు 2007లో మొదలుపెట్టారు. వైన్ తీరును నిలబెట్టింది టస్కనీకి చెందిన పియెరో మాసీ. ముందుగా ఫోన్ చేసి సమయం అడిగి వెళ్లండి, రుసుములు మారుతుంటాయి.

నాన్న తాగడు. అయినా అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది ఆయనే. నలిపిన ద్రాక్ష తొక్కలతో సహా ట్యాంకులో పులుస్తుంటే, అడుగున ఉన్న రసాన్ని పైకి తోడి తొక్కల మీద పోస్తున్నారు. షిరాజ్ గుజ్జుకు రంగు ఉండదు. రంగంతా తొక్కలోనే. అది దిగడానికి ఇదంతా. నాన్న కాసేపు చూసి, "గిది మా రంగు హౌదు లెక్కనే ఉంది బిడ్డా. తిప్పుతనే ఉండాలె, లేకుంటె రంగు ఒక్కతీరు రాదు" అన్నాడు. నాలుక పట్టేసే ఆ వగరు ఏమిటని వదిన అడిగితే టానిన్ అని చెప్పారు. వెంటనే నాన్న, "కరక్కాయల ఉండేది గదే. పాతకాలంల బట్టను కరక్కాయ నీళ్లల్ల ముంచి రంగు పట్టించేటోళ్లు" అన్నాడు. తిప్పి చూపిస్తున్న అమ్మాయికి కరక్కాయ సంగతి కొత్త. రాసుకుంది.

షిరాజ్ ద్రాక్ష ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందని మా ఆయన ఎప్పటి నుంచో వాదిస్తున్నాడు. కాదు. 1998లో అమెరికాలోని డేవిస్, ఫ్రాన్స్‌లోని మోంపెల్యే శాస్త్రవేత్తలు డీఎన్ఏ చూసి తల్లిదండ్రులను తేల్చారు. దురేజా, మోందూజ్ బ్లాంష్, రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్ ద్రాక్షలే. ఫ్రాన్స్‌లో సిరా అంటారు. 1832లో జేమ్స్ బస్బీ ఆస్ట్రేలియాకు తీసుకెళ్లిన కొమ్మల్లో ఇదీ ఉంది. షిరాజ్ అనే పేరు అక్కడే స్థిరపడింది.

రుచి చూసే బల్ల దగ్గర ఇంకో విషయం తేలింది. షిరాజ్‌లో నల్ల మిరియాల వాసన వస్తుందని నేను ఏళ్లుగా అంటున్నాను, మా ఆయన నేను పుస్తకంలో చదివి చెప్తున్నానని ఉడికిస్తాడు. అన్నకు వచ్చింది, వదిన వాసన మాత్రమే చూసి "మిరియాలు" అంది. ఆయనకు రాలేదు. కాస్త చిన్నబుచ్చుకున్నాడు. ఆ మిరియాల వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థం. మిరియాల ఘాటు వాసనకూ ఇదే మూలమని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు చెప్పారు. దాన్ని ఐదుగురిలో ఒకరు అసలు పసిగట్టలేరు. మేం సరిగ్గా ఐదుగురం. ఆ మాట విన్నాక ఆయన తేలికపడ్డాడు. ఆ ఘాటు చల్లటి చోట పండిన షిరాజ్‌లో ఎక్కువ, మన దక్కన్ ఎండలో పండినదాంట్లో కాస్త మెత్తగా ఉంటుంది. నల్ల నేరేడు, మగ్గిన రేగు మాత్రం పుష్కలం.

రెండు సీసాలు కొన్నాం, ఒక్కోటి వెయ్యి లోపే. మహారాష్ట్ర దాటించే ఆలోచన పెట్టుకోలేదు, ప్రతి రాష్ట్రానికీ ఎక్సైజ్ నిబంధనలు వేరు. షోలాపూర్‌లోనే ఆ సాయంత్రం మేడ మీద తెరిచాం. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీశాను. గది వేడి మీద తాగమని పాత పుస్తకాల్లో రాసింది చలిదేశాల గదుల గురించి. మన దగ్గర 16 నుంచి 18 డిగ్రీలకు చల్లార్చాలి, లేకపోతే ఆల్కహాల్ మంట ఒక్కటే తెలుస్తుంది. అన్న ఆ ఏటి ఆఖరి హుర్డా తెచ్చి పిడకల మీద కాల్చాడు. లేత జొన్న గింజలు, షేంగా చట్నీ, షిరాజ్. చీజ్‌తోనే తాగాలనే నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు కానీ, ఇంతకన్నా మంచి జోడీ నేను తినలేదు. వెల్లుల్లి కారం దగ్గర మాత్రం చిన్న గుక్కలే తీసుకోండి, కారం మీద వగరు ఎక్కువగా తెలుస్తుంది.

వెళ్లేవాళ్లకు నా మాట ఇది. పండరిపురంలోనో షోలాపూర్‌లోనో దిగండి, అక్లూజ్ పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. తోట కనిపించే గది అంటే, ఏ ద్రాక్ష, ఎన్ని ఎకరాలు, ఏ కిటికీ నుంచి, అని ఫోన్‌లో అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. గ్లాసు లెక్కన వైన్ చెప్తే సీసా మీ ముందుకు తెప్పించుకుని, ఏ రోజు తీశారో అడగండి. జవాబు రాకపోతే వద్దనండి.

హైదరాబాద్ వచ్చాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫోటోలతో ఫిర్యాదు పెట్టాను. పంతొమ్మిది రోజులకు వైన్, సర్వీసు చార్జీ కలిపి 1,210 వెనక్కి వచ్చాయి. గదుల డబ్బు రాలేదు, అడుగుతూనే ఉన్నాను.

తోట నుంచి నాన్న ఒక గుత్తి తన రుమాలులో కట్టుకొచ్చాడు. మర్నాడు చూస్తే రుమాలును రెండుగా చింపి, ఒక ముక్క పటిక నీళ్లలో నానబెట్టి, రెండింటికీ ఆ తొక్కల రంగు వేశాడు. ఆరాక వదిన సబ్బు పెట్టి ఉతికింది. ఉత్త ముక్క బూడిద నీలంగా తిరిగిపోయింది. పటిక పెట్టినదాంట్లో మాత్రం ఊదా రంగు కొంత నిలిచింది. అక్టోబరులో గోడీ ఛాటణీకి రమ్మని ఆ రైతు పిలిచాడు, అప్పుడు ఆయనకు చూపిస్తానని నాన్న ఆ ముక్కను మడిచి బీరువాలో పెట్టాడు.