బావికాడ ఒకే కప్పు కింద షెడ్డు, వర్క్‌షాపు, ఇల్లు: ఆరేళ్ల తర్వాత

దేవరకొండ దగ్గర మా బత్తాయి తోటలో 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పుతో రేకుల షెడ్డు వేసి ఆరేళ్లయింది. పడమటి సగం ట్రాక్టరు, ట్రాలీ, రోటవేటరుకు. నడుమ వెల్డింగు, రిపేర్లకు వర్క్‌షాపు. తూర్పు కొసకు ఒక అర్ర, వంటిల్లు, బాత్రూం. ఈ వరుస మాత్రం చాలా బాగా కుదిరింది. మే నెల సాయంత్రపు ఎండంతా ట్రాక్టరు షెడ్డే మోస్తుంది, అర్ర గోడ కాలదు.

తప్పు జరిగింది నడిమి గోడ దగ్గర. వర్క్‌షాపుకూ అర్రకూ మధ్య ఇటుక గోడను మేస్త్రి పదడుగుల దగ్గర ఆపేశాడు. పైన రేకుల దాకా ఖాళీయే. అర్రకు సీలింగు ఉంది కదా అని నేనూ పట్టించుకోలేదు. మొదటి వానాకాలం ఒక రాత్రి కరెంటు పోతే, వర్క్‌షాపులోనే డీజిల్ జనరేటరు వేసి, జల్లు కొడుతోందని షట్టరు సగం దించాను. కాసేపటికి నాయిన గోడ పట్టుకుంటూ బయటికొచ్చాడు. "తల తిరుగుతోందిరా, కక్కొచ్చేటట్టుంది" అన్నాడు. టార్చి వేసి చూస్తే సీలింగు లైటు చుట్టూ ఉన్న సందులోంచి పొగ సన్నగా దిగుతోంది. ఆ పొగ కనబడింది కాబట్టి తెలిసింది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు వణుకుతాయి.

ఆ వారమే గోడను రేకుల దాకా లేపించి, రేకుల వంపుల కింది సందులు కూడా సిమెంటుతో పూడ్పించాను. జనరేటరు ఇప్పుడు బయట, అర్రకు దూరంగా, చిన్న రేకు కింద ఉంటుంది. నడిమి తలుపు కూడా ఇటుకతో మూసేశాం. వానలో వరండా మీదుగా తిరిగి వెళ్లాలి, ఫరవాలేదు. కొత్తగా కట్టేవాళ్లు అర్రకూ వర్క్‌షాపుకూ మధ్య ఆరడుగుల ఖాళీ వదలండి. గ్రైండరు చప్పుడు కూడా తగ్గుతుంది.

కరెంటు విషయం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు వస్తున్న ఉచిత కరెంటు వ్యవసాయానికి మాత్రమే. బోరు స్టార్టరు నుంచి వైరు లాగి వెల్డింగు చేయకండి. మేం వేరే మీటరు తీసుకున్నాం, టెన్షన్ లేదు.

అర్ర నేలను ఒక అడుగు ఎత్తు చేయడం వల్ల దుమ్మూ తేళ్లూ తక్కువే. ట్రాక్టరు కింద మాత్రం నాలుగు అంగుళాల కాంక్రీటు చాలలేదు, రెండో ఏడాదికే పగిలింది. ఆరు అంగుళాలతో, వాలు బయటికి ఉండేలా మళ్లీ పోయించాం.