పైకో 2లో రిస్క్-ఫైవ్ కోర్లు: ఏడాది పైగా వాడాక నా మాట

రాస్ప్‌బెర్రీ పై వాళ్ల చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు పైకో 2 స్పీడు, ర్యామ్, ధర గురించి ఇప్పటికే బోలెడు రివ్యూలు ఉన్నాయి, అవి వదిలేస్తున్నా. నేను చెప్పేది అందులోని ఆర్‌పీ2350 చిప్‌లో ఉన్న రెండో జత కోర్ల గురించి (కోర్ అంటే ప్రోగ్రామ్‌ని నడిపే భాగం). ఒకే చిప్‌లో ఆర్మ్ కంపెనీ డిజైన్ చేసిన కార్టెక్స్-ఎం33 కోర్లు రెండు, రిస్క్-ఫైవ్ అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ (కోర్‌కి అర్థమయ్యే ఆదేశాల పట్టిక) మీద కట్టిన హజార్డ్3 కోర్లు రెండు పెట్టారు. ఏ జత నడవాలో మనమే ఎంచుకోవచ్చు. ఎం33 లోపలి డిజైన్ లైసెన్సు కట్టిన కంపెనీలు తప్ప మనలాంటివాళ్లు చూడలేరు. హజార్డ్3 వెరిలాగ్ కోడ్ (సర్క్యూట్‌ని వర్ణించే భాషలో రాసిన డిజైన్) మాత్రం అపాచీ లైసెన్సు మీద గిట్‌హబ్‌లో ఉంది, రాస్ప్‌బెర్రీ పైలో పనిచేసే ల్యూక్ రెన్ రాశారు. ఈ బోర్డంటే నాకున్న ఇష్టమంతా ఆ ఒక్కదాని వల్లే.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్ మోటార్ల కరెంటు కనిపెడుతూ, తేడా వస్తే అలారం కొట్టే చిన్న పెట్టెలు తయారుచేయడం నా పని. దీనికి ముందు వేరే చిప్ వాడేవాణ్ణి. ఫ్లాష్ మెమరీలోకి రాస్తున్నప్పుడు ఇంటరప్ట్ (నడుస్తున్న పని ఆపి వేరే పని చూడమనే సిగ్నల్) వస్తే ఎప్పుడో ఒకసారి బిగుసుకుపోయేది. స్టోరేజీ నిండా మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉన్న సీజన్లో అలారం పెట్టె మూగబోతే ఓనరుకి ఎంత టెన్షనో, నాకూ అంతే. కంపెనీకి రాస్తే ఆ వివరాలున్న పత్రం కావాలంటే ఒప్పందం మీద సంతకం పెట్టాలి, ముందు మీరు ఏడాదికి ఎన్ని వేల చిప్‌లు కొంటారో చెప్పండి అన్నారు. నేను కొనేది వేలల్లో కాదు, అక్కడితో ఆ సంభాషణ అయిపోయింది. వాచ్‌డాగ్ (చిప్ ఆగిపోతే కనిపెట్టే టైమర్) పెట్టి, ఆగినప్పుడల్లా రీసెట్ చేయించి నెట్టుకొచ్చాను. ఎందుకు ఆగేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. కరెంటు శాంపిల్స్‌ని ఏడీసీతో (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) తీసుకుని, మధ్య విలువ తీసేసి, ఒక్కోదాన్నీ ఆ పెట్టె క్యాలిబ్రేషన్ విలువతో భాగిస్తాను. ఈ ముక్కకి ఎంత సమయం పడుతోందో కోర్‌లో గడియారం సైకిళ్లు లెక్కపెట్టే ఎంసైకిల్ కౌంటర్‌తో కొలుస్తుంటే అంకెలు ఊగుతున్నాయి. ఫ్లాష్ క్యాష్ వల్ల అయ్యుంటుందని ఆ ఫంక్షన్‌ని ర్యామ్‌లోకి మార్చాను. పెద్ద ఊపు పోయింది గానీ ఒక్క సైకిల్ తేడా మాత్రం మిగిలింది. అదీ ఎలా పడితే అలా కాదు, సుమారు సగం శాంపిల్స్ ఒక తీరు, మిగతా సగం ఇంకో తీరు. శాంపిల్ విలువల పక్కన ఆ లెక్కలు పెట్టి చూస్తే, 50 హెర్ట్జ్ అలలో కింది సగం, అంటే నెగటివ్ విలువలు వచ్చినప్పుడల్లా ఆ ఒక్క సైకిల్ ఎక్కువ పడుతోంది.

డేటాషీట్‌లో భాగహారానికి 18 లేదా 19 సైకిళ్లు, గుర్తు సరిచేయడాన్ని బట్టి అని ఒక్క ముక్క ఉంది. అంతటితో ఊరుకోబుద్ధి కాలేదు. హజార్డ్3 సోర్స్‌లో గుణకార భాగహారాల ఫైలు తెరిచాను. ప్రతి సైకిల్‌కీ కొన్ని బిట్ల చొప్పున భాగిస్తూ పోయే సర్క్యూట్ అది. లోపల జరిగేదంతా గుర్తు లేని సంఖ్యలతోనే, నెగటివ్ సంఖ్య వస్తే దాని గుర్తు సరిచేయడానికి అదనంగా అడుగు పడుతుంది. అక్కడితో ఆగకుండా యోసిస్ అనే ఓపెన్ సోర్స్ టూల్‌తో ఆ కోర్‌ని నా లాప్‌టాప్‌లోనే సిమ్యులేట్ చేసి, సిగ్నళ్లని గీతలుగా చూపించే జీటీకేవేవ్‌లో తరంగాలు తెరిచి, నా శాంపిల్ విలువలే ఇచ్చి చూశాను. ఆ అదనపు అడుగు కళ్లముందు కనిపించింది! నా పెట్టెలో నడుస్తున్న సర్క్యూట్ లోపల ఏ తీగ ఏ క్షణాన 1 అయిందో గుంటూరులో ఇంట్లో కూర్చుని చూడగలిగాను, ఎవరి అనుమతీ అడగకుండా, ఎన్ని కొంటానో ఎవరికీ చెప్పకుండా. ఒక సైకిల్ అంటే 150 మెగాహెర్ట్జ్ దగ్గర 7 నానోసెకన్లు కూడా లేదు, నా కస్టమర్లలో ఎవరికీ దాంతో పనిలేదు, నిజమే. కానీ ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు దొరకని చిప్‌తో సీజన్లు గడిపాక ఇది నాకు చిన్న విషయంలా అనిపించలేదు.

అలాగని చిప్ మొత్తం తెరిచి ఉందని అనుకోవద్దు. అదే పనిలో ఏడీసీ రీడింగులో నాయిస్ కనిపిస్తే తెరిచి చూడటానికి అక్కడ సోర్స్ లేదు, డేటాషీట్ చెప్పిందే వేదం. బూట్‌రామ్ (చిప్ ఆన్ కాగానే మొదట నడిచే కోడ్) సోర్స్ ఇచ్చారు, అది మంచిదే. ఇంకో మాట, రిస్క్-ఫైవ్ అన్నంతమాత్రాన కోర్ ఓపెన్ కాదు. 2010లో బర్క్‌లీలో మొదలైన ఆ ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఎవరైనా ఫీజు లేకుండా వాడుకోవచ్చు, దానిమీద కట్టిన కోర్‌ని తాళం వేసి అమ్మేవాళ్లు బోలెడుమంది. మన ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్‌లాగా సోర్స్ కూడా బయటపెట్టినవి వేరే లెక్క. కొనేముందు ఈ తేడా చూసుకోండి.

ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యల లెక్కలు) దగ్గర హజార్డ్3 వెనకబడుతుంది. ఆ లెక్కలు చేసే హార్డ్‌వేర్ (ఎఫ్‌పీయూ) లేదు, ఆర్మ్ కోర్లలో ఉంది. నా లెక్కలన్నీ పూర్ణాంకాల్లోకి మార్చుకోవడానికి ఓపిక పట్టింది. ఒక స్టోరేజీవాళ్లు హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కి గుణిజాల్లో వచ్చే అలలు) కూడా కావాలంటే ఆ పెట్టెని ఆర్మ్ కోర్ల మీదే నడిపి ఇచ్చాను, బోర్డు మార్చక్కర్లేదు కాబట్టి సరిపోయింది. సెక్యూర్ బూట్ (సంతకం సరిచూసి, మనం ఒప్పుకున్న కోడ్‌నే నడపడం) కూడా ఆర్మ్ వైపే పనిచేస్తుంది. కోడ్ ఎవరూ మార్చకూడదనుకునే ఉత్పత్తి మీదైతే రిస్క్-ఫైవ్ వైపు రాకండి.

నావి తక్కువ సంఖ్యలో చేసే పెట్టెలు, కరెంటు ప్లగ్గులోంచే వస్తుంది, కాబట్టి బ్యాటరీ బాధ నాకు లేదు, వెరిలాగ్ కాలేజీ రోజుల నుంచీ కొంచెం వచ్చు. ఈ మూడూ లేనివాళ్లకి హజార్డ్3 వల్ల ఇంత లాభం ఉంటుందా అంటే గట్టిగా చెప్పలేను. ఆర్మ్ కోర్లతో కూడా ఈ బోర్డు బాగానే నడుస్తుంది. నేను మాత్రం ఈ సీజన్ పెట్టెలకి కూడా రిస్క్-ఫైవ్ బిల్డే వేస్తున్నాను, పక్కన ఆర్మ్ బిల్డు సిద్ధంగా ఉంచుకుని.