తెగింపు కొలవాలంటే బెలూన్ ఆటా, ప్రశ్నల కాగితమా?

విజయవాడ ఆటోనగర్‌లో, కొండపల్లి వైపు షెడ్డులు నడిపేవాళ్లు సేఫ్టీ క్లాసు అవ్వగానే నన్ను అడిగేది ఒకటే: "తెగించే రకం ఎవరో ముందే పట్టిచ్చే టెస్టు ఏదైనా ఉందా సార్?" ఉన్నాయి. ఎక్కువగా వినపడేవి రెండు.

బెలూన్ ఆట 2002లో వచ్చింది. తెర మీది బెలూన్‌కు గాలి కొట్టినకొద్దీ డబ్బు జమవుతుంది. పగిలిందా, దాని మీద వచ్చిందంతా పోయినట్టే. ఎక్కడ ఆపుతాడన్నదే కొలత. చదువు రానివాడూ ఆడొచ్చు, తియ్యటి జవాబులు చెప్పే వీలుండదు. ఓనర్లకు ఇదే నచ్చుతుంది.

ప్రశ్నల్లో పేరున్నది డాస్‌పర్ట్. మనస్తత్వ శాస్త్రవేత్త ఎల్కే వెబర్ బృందం అదే ఏడాది తెచ్చింది, 2006లో 30 ప్రశ్నలకు కుదించారు. డబ్బు, ఆరోగ్యం-భద్రత, వినోదం, నీతి, నలుగురిలో మెలగడం... దేని తెగింపు దానికే విడిగా కొలుస్తుంది.

నాకు తేల్చేసేది ఆ "విడిగా" అన్నదే. సంక్రాంతి బరిలో వేలకు వేలు పందెం కాసేవాడు గ్రైండింగ్ దగ్గర కళ్లద్దాలు తియ్యకపోవచ్చు. పేకముక్క ముట్టనివాడు లేత్ ఆపకుండానే చేత్తో రజను లాగేయొచ్చు. బెలూన్ దగ్గర ఆ రెండోవాడే బుద్ధిమంతుడు! బాసెల్, బెర్లిన్‌లలో 1,507 మందిని 39 కొలతలతో పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలోనూ ప్రశ్నలకిచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసిగాయి, ఆరు నెలల తర్వాతా చాలావరకు నిలిచాయి. ఆటల ఫలితాలు అంతగా నిలవలేదు.

అలాగని కాగితాన్ని ఉద్యోగానికి ముడిపెట్టారో, షెడ్డులో అందరూ జాగ్రత్తపరులే. పేరు రాయించకండి. ఉన్నదున్నట్టు తెలుగులోకి దించినా లాభం లేదు, బంగీ జంప్ గురించి అడగాల్సొస్తుంది. "సాయంత్రానికి డెలివరీ ఉంది, ప్రెస్ మెషీన్‌లో చెయ్యి పడకుండా పెట్టిన గార్డు పనికి అడ్డం వస్తోంది, తీసేస్తారా?" అని మీ పనిలోంచే అడగండి. అప్పుడది పరీక్షించి నిలబెట్టిన కొలత కాదు కాబట్టి మనుషులకు మార్కులు వెయ్యకూడదు. కానీ సగం మంది తీసేస్తామంటే చూడాల్సింది గార్డు అమరికను, పీసు లెక్కన ఇచ్చే కూలిని. ఓనర్లకు ఇక్కడే మొహం మాడుతుంది.

టెస్టులెందుకు, యాక్సిడెంట్ రిజిస్టర్ చూస్తే చాలదా అంటారా? చిన్న షెడ్డులో అందులో ఉండేదే నాలుగైదు పంక్తులు. మేస్త్రీని అడిగితే తనకు పడనివాళ్ల పేర్లు చెబుతాడు.

బెలూన్ ఆట నా దగ్గరా ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టే క్లాసులో నిద్రమత్తు వదలడానికి వాడుతున్నాను.