తిరుపతిలో మోకాళ్లకు గుజ్జు ఇంజెక్షన్ వేయిస్తున్నారా? ముందు డబ్బా చూపించమనండి

ఇంట్లో మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దవాళ్లున్న తిరుపతి, చిత్తూరు వాళ్లందరూ దయచేసి ఇది చదవండి. మా అమ్మ పడిన బాధ ఇంకెవరూ పడకూడదనే రాస్తున్నాను.

అమ్మకు 66 ఏళ్లు. ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందే కనిపించడం లేదు, నాలుగో గ్రేడు అరుగుదల, అంటే చివరి దశ. టౌన్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోతే, "ఆపరేషన్ అక్కర్లేదమ్మా, హైలురోనిక్ యాసిడ్ జెల్ ఇంజెక్షన్ వేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుంది, అలిపిరి మెట్లెక్కి పోయి స్వామిని చూసి రావచ్చు" అన్నారు. మోకాళ్ల పర్వతం ఎక్కి ఏళ్లయిపోయిన మనిషికి ఆ మాట ఎంత ఆశ పెడుతుందో చెప్పక్కర్లేదు. రెండు మోకాళ్లకు ప్యాకేజీ 45 వేలు. మొత్తం ముందే కట్టించుకున్నారు.

లోపలికి పోయేసరికి సిరంజిలు రెండూ ట్రేలో సిద్ధంగా ఉన్నాయి, పైన తెల్ల గుడ్డ కప్పి. డబ్బా ఎక్కడా లేదు. ఏ కంపెనీదని అడిగితే నర్సు "మా స్టాకే సార్, మంచిదే" అంది. బిల్లు అడిగితే తెల్ల రసీదు మీద "మోకాలి ప్యాకేజీ" అని రాసిచ్చారు, అంతే. మందు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు.

మర్నాడు రాత్రికి కుడి మోకాలు ఉబ్బిపోయింది, ముట్టుకుంటే వేడి. క్లినిక్‌కు ఫోన్ చేస్తే "ఐస్ పెట్టండి, మామూలే" అన్నారు. ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఏ మందు వేశారు? స్టెరాయిడ్ ఏమైనా కలిపారా? కోడిపుంజు తల మీది జుట్టు నుంచి తీసిన రకమా, బ్యాక్టీరియాతో తయారుచేసిన రకమా? కోడి, గుడ్డు పడనివాళ్లకు ఆ మొదటి రకంతో జాగ్రత్తగా ఉండాలట. ఒక్కదానికీ జవాబు చెప్పే కాగితం మాకు ఇవ్వలేదు. ఈ ఇంజెక్షన్ పడకపోయినా మోకాలు ఇలాగే ఉబ్బుతుంది, లోపల చీము పట్టినా ఇలాగే ఉబ్బుతుంది, పైకి చూసి తేల్చలేం అని ఆయన సూదితో నీరు తీసి ల్యాబుకు పంపారు. చీము లేదని రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

గుజ్జు పెరుగుతుందన్న మాట పచ్చి అబద్ధం. హైలురోనిక్ యాసిడ్ కీలులోని జిగురు నీటిలో మామూలుగానే ఉండే పదార్థం. అది ఎక్కిస్తే కొందరికి కొన్ని నెలలు నొప్పి తగ్గవచ్చు. అరిగిపోయింది మాత్రం తిరిగి రాదు. అమెరికాలోని ఎముకల సర్జన్ల అకాడమీ 2021లో దీన్ని అందరికీ మామూలుగా వాడొద్దని చెప్పింది. బ్రిటన్‌లో ఏ చికిత్స ఇవ్వాలో డాక్టర్లకు చెప్పే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో అసలు ఇవ్వొద్దనే రాసింది. మందే మోసమని నేననడం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పి వేసే డాక్టర్లూ ఉన్నారు. కానీ నాలుగో గ్రేడు మోకాలికి మెట్లెక్కుతారని ఆశ పెట్టి డబ్బు లాగడం అన్యాయం.

అందుకే చెబుతున్నాను, సీలు మీ కళ్లముందు తీయమనండి. లేబుల్ ఫోటో తీసుకోండి, ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చుకోండి. బిల్లులో మందు పేరు, బ్యాచ్ నంబరు లేకుండా సూది గుచ్చనివ్వకండి. ప్యాకేజీ అని తొందరపెడితే లేచి వచ్చేయండి. టీటీడీ వాళ్ల ఎముకల ఆసుపత్రి బర్డ్ తిరుపతిలోనే ఉంది, అక్కడ ఎక్స్‌రే చూపించి రెండో అభిప్రాయం తీసుకోండి. బరువు తగ్గడం, తొడ కండరాల వ్యాయామం ఎలాగూ చేయాల్సిందే.

ఇప్పటికే వేయించుకున్నవాళ్లకు జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రబడి కాలు కింద పెట్టలేకపోయినా, ఫోన్‌లో చెప్పే మాటలు నమ్మి ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లోనే ఉంది. మేము రాతపూర్వకంగా అడిగాం, గడువు దాటింది, ఇంకా మందు పేరు కూడా చెప్పలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాం. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయొచ్చు. ఇలాంటి రసీదు మీ దగ్గరా ఉంటే పారేయకండి.