కొత్త అక్వేరియంలో ముందు గప్పీలా, నియాన్ టెట్రాలా?

విజయనగరంలో మా ఇంట్లో అరవై లీటర్ల తొట్టి పెట్టినప్పుడు ఈ రెండు రకాల చేపల్లో ఏవి ముందు కొనాలో తేలక నేనూ ఇక్కడే ఆగిపోయాను.

ఖర్చు: గప్పీలు చవక. నియాన్లు గుంపుగా ఉంటేనే బెదరకుండా తిరుగుతాయి, కనీసం ఆరు కొనాలి.

నీళ్లు: అసలు తేడా ఇదే. మా బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడతాయి. అలాంటి కఠిన జలం గప్పీలకు బాగా పడుతుంది. నియాన్లు అమెజాన్ ప్రాంతపు చేపలు. వాటికి మృదువైన, కాస్త ఆమ్లగుణమున్న నీళ్లు కావాలి.

ఎండాకాలం: నియాన్లకు 20–26 డిగ్రీలు, గప్పీలకు 28 వరకు ఫరవాలేదు. మే నెలలో మాత్రం ఏవున్నా మూత తీసి ఫ్యాను పెట్టాల్సిందే.

రిస్క్: చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా 4–6 వారాలు పడుతుంది. నేను ఆగలేక రెండో వారంలోనే పది నియాన్లు వేశాను. మూడు మిగిలాయి. గప్పీలు మొండివే గానీ అమ్మోనియా వాటికీ విషమే. చేపలు వేయకముందే, నీళ్లు నింపిన తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపండి. ఆ మేత కుళ్లి వచ్చే అమ్మోనియాతోనే బ్యాక్టీరియా పెరుగుతుంది. నీళ్ల టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి, మళ్లీ సున్నా చూపించాకే చేపలు.

శ్రమ: గప్పీలు దాదాపు నెలకోసారి పిల్లలు పెడతాయి, పంచడానికి చుట్టాలు చాలరు! అన్నీ మగవే తెచ్చుకుంటే ఆ టెన్షన్ లేదు.

బోరు నీళ్లు, మొదటి తొట్టి అయితే అయిదారు మగ గప్పీలు. బోరు నీళ్ల కఠినత్వం తగ్గేలా ఆర్‌వో నీళ్లు కలిపే ఓపిక ఉండి, తొట్టికి కొన్ని నెలలు నిండితే నియాన్లు.