జోర్క్: బొమ్మలు లేని ఆటతో కొన్నేళ్ల అనుభవం

తెర మీద బొమ్మ ఒక్కటీ లేకుండా, కేవలం చదవడం, టైప్ చేయడం ద్వారా సాగే ఇంటరాక్టివ్ ఫిక్షన్ ఆటలను నేను కొన్నేళ్లుగా ఆడుతున్నాను. వాటిలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు ఆడింది జోర్క్ మొదటి భాగం. టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ అనే నలుగురు 1977లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఉన్న పెద్ద కంప్యూటర్ మీద దీనిని రాయడం మొదలుపెట్టారు. తరువాత ఇన్ఫోకామ్ సంస్థ ఆ ఆటను మూడు భాగాలుగా విడదీసి, మొదటి భాగాన్ని 1980లో ఇళ్లలో వాడే కంప్యూటర్ల కోసం విడుదల చేసింది.

ఆట మొదలయ్యేసరికి మనం ఒక తెల్లని ఇంటికి పడమటి వైపున నిలబడి ఉంటాము. వీధి తలుపుకు చెక్కలు కొట్టి ఉంటాయి, దగ్గరలో ఒక చిన్న పోస్టు డబ్బా ఉంటుంది. ఇక ఏం చేయాలన్నది పూర్తిగా మన ఇష్టం. ఇంటి చుట్టూ తిరిగి చూస్తే, వెనుక వైపు కిటికీ కొద్దిగా తెరిచి ఉన్నట్టు వర్ణనలో ఒక్క మాట కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక హాలులో కత్తి, ఇత్తడి లాంతరు, పెద్ద తివాచీ ఉంటాయి. తివాచీ గురించి ఆట ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. దానిని పక్కకు జరపాలన్న ఆలోచన చదివినవారికే రావాలి. జరిపితే నేలమాళిగ తలుపు బయటపడుతుంది, దిగితే ఆ తలుపు మన వెనుక మూసుకుపోతుంది. ఈ ఆటలు నాకు ఇంతగా నచ్చడానికి కారణం ఇదే: ఇక్కడ శ్రద్ధగా చదవడమే ఆడడం. ఒక వాక్యాన్ని కళ్లతో దాటేస్తే ఒక దారి మూసుకుపోతుంది.

నేలమాళిగలోని చిక్కుదారుల సంగతి కొంత వివరంగా చెప్పాలి. అక్కడి గదులన్నిటికీ ఒకటే వర్ణన. పైగా ఉత్తరానికి వెళ్లినవారు దక్షిణానికి తిరిగితే పాత చోటికి చేరతారన్న నమ్మకం లేదు. ఒక్కో గదిలో ఒక్కో వస్తువును గుర్తుగా వదిలి, కాగితం మీద పటం గీసుకుంటూ ముందుకు సాగడమే ఉపాయం. అయితే ఆ నేలమాళిగలో ఒక దొంగ తిరుగుతూ ఉంటాడు, మనం గుర్తుగా పెట్టిన వస్తువులను సైతం ఎత్తుకుపోతాడు. అతడి మీద నాకు చాలాకాలం కోపంగానే ఉండేది. కానీ ఆటలో దొరికే రత్నాలు పొదిగిన గుడ్డును పాడుకాకుండా తెరవగల నైపుణ్యం అతడి చేతుల్లోనే ఉందని తెలిసినప్పుడు, ఈ ఆటను అల్లిన తీరు మీద గౌరవం కలిగింది.

లోపాలు లేకపోలేదు. లాంతరు బ్యాటరీకి పరిమితి ఉంది. దానిని వృథా చేసినా, ఆ గుడ్డును మనమే బలవంతంగా తెరిచి లోపలిదాన్ని పాడుచేసినా, ఆట పూర్తిచేయడం ఇక సాధ్యం కాదని ఎవరూ హెచ్చరించరు. గంటల తరబడి ఆడిన తరువాత ఈ సంగతి తెలియడం ఆటగాడికి అన్యాయమని నా అభిప్రాయం. అందువల్ల వేర్వేరు పేర్లతో తరచుగా సేవ్ చేసుకోవడం తప్పనిసరి. ఇంగ్లీషులోనే టైప్ చేయాలి కాబట్టి ఆ భాషతో కొంత పరిచయం కావాలి, అయితే కమాండ్లు చాలావరకు రెండు మూడు మాటలకు మించవు.

సాంకేతికంగా నన్ను ఆశ్చర్యపరిచిన విషయం మరొకటి ఉంది. అప్పటి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి పొసగనివి. ప్రతి దానికీ ఆటను మళ్లీ రాయకుండా, ఇన్ఫోకామ్ వారు జెడ్-మెషిన్ అనే ఊహా యంత్రాన్ని రూపొందించి, కథను దాని కోసమే రాశారు. అందువల్లనే వంద కిలోబైట్లు కూడా లేని ఆ పాత ఫైలు ఈనాటికీ ఆ యంత్రాన్ని అనుకరించే ఫ్రాట్జ్ వంటి చిన్న ప్రోగ్రాములో చక్కగా తెరుచుకుంటుంది. ఫోనులోనూ ఆడవచ్చు గానీ, కీబోర్డు ఉంటేనే సుఖం. అంతా అక్షరాలే కాబట్టి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో చూపు లేనివారు కూడా ఈ ఆటలు ఆడుతున్నారు. దీనిని నేను చాలా పెద్ద గుణంగా భావిస్తాను.

ఇంత ఇష్టం ఉన్నా, కొత్తవారిని జోర్క్‌తో మొదలుపెట్టమని చెప్పను. ఆడమ్ కేడర్ 2000లో రాసిన 9:05 కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, ముగిసిన వెంటనే మళ్లీ ఆడాలనిపిస్తుంది. ఆయనదే ఫోటోపియా 1998లో ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీలో మొదటి స్థానం పొందింది. అందులో చిక్కుముడులు తక్కువ, మనసును పట్టే కథ ఎక్కువ. ఎమిలీ షార్ట్ రాసిన గలాటియాలో ఒక శిల్పంతో మాట్లాడడమే ఆట, మనం ఎత్తుకున్న విషయాన్ని బట్టి ముగింపు మారిపోతుంది. ప్రస్తుతం నేను మైకేల్ జెంట్రీ రాసిన యాంకర్‌హెడ్ ఆడుతున్నాను. భర్తకు వారసత్వంగా వచ్చిన ఇంటి తాళాల కోసం ఒక స్త్రీ వానలో కొత్త ఊరికి చేరుతుంది, తాళాలు ఇవ్వవలసిన మనిషి ఆఫీసులో ఉండడు. భయం కలిగించే కథలు ఇష్టమైనవారు రెండు మూడు ఆటలు పూర్తిచేశాక దీనిని తప్పక ఆడాలి.